మిషన్ ఇచ్చిన మరునాటి నుంచి

(సొసైటీ వార్షిక సమావేశంలో కుట్టు శిక్షణ కేంద్రం ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



 నాకు ఇచ్చిన అంశం "ఒంటరి తల్లులు – కుట్టుపని". నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని కాను. కుట్టి బతికి, ఆ తర్వాత నేర్పడం మొదలుపెట్టినదాన్ని. కాబట్టి నాకు తెలిసిన సంగతులే, తెలిసిన మాటల్లో చెబుతాను.

కుట్టుమిషన్లు పంచే రోజు ఏ ఊళ్లోనైనా ఒకే తీరుగా ఉంటుంది. షామియానా వేస్తారు. మిషన్లు వరసగా పెడతారు. ఒక్కొక్క బిడ్డనూ పేరు పెట్టి పిలుస్తారు, పెద్దలు చేయి వేస్తారు, ఫొటో తీస్తారు. అందరి కళ్లల్లో సంతోషమే. ఆ సంతోషం తప్పని నేననను. కానీ ఆ మిషన్ ఆటో ఎక్కి ఇల్లు చేరిన మరునాటి పొద్దున ఏం జరుగుతుంది? ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

ముందు మనం ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో చూద్దాం. మన పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలు 2016లో ముక్కలై సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట అయ్యాయి గానీ, బతుకులు మాత్రం పాత జిల్లాల్లోనే ఉన్నాయి. పాలమూరు కూలీ అంటే ముంబై, పుణె దాకా తెలిసిన పేరు. పనికి పోయినవాడు కొన్నాళ్లు డబ్బు పంపుతాడు, తర్వాత ఫోను తగ్గుతుంది, తర్వాత నంబరే మారిపోతుంది. గల్ఫ్‌కు పోయి అటే ఉండిపోయినవాళ్లున్నారు. రోడ్డు మీద, పని చోట ప్రాణం పోయినవాళ్లున్నారు. వాళ్ల భార్యలు మన తరగతికి వస్తారు. తలాఖ్ అయినవాళ్లు, ఖులా తీసుకున్నవాళ్లు కూడా వస్తారు.

వీళ్లలో అందరికంటే కష్టం ఎవరిదని నన్నడిగితే వితంతువుది అనను. వితంతువుకు మరణ ధ్రువపత్రం ఉంటుంది, ఊరి సానుభూతి ఉంటుంది, ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు ఎవరో ఒకరు బియ్యం తెచ్చిపెడతారు. మగడు బతికే ఉండి, కాపురానికి తీసుకుపోక, తలాఖ్ ఇవ్వక, ఖర్చులకు పంపక వదిలేసిన ఆడబిడ్డకు ఏ కాగితమూ ఉండదు. భార్యను అటూ ఇటూ కాకుండా వేలాడదీయవద్దని ఖుర్ఆన్ నిసా సూరాలో స్పష్టంగా హెచ్చరించింది. ఆ హెచ్చరిక మగవాళ్లకు. వేలాడుతున్న ఆమెను ఆదుకోవడం మనబోటి సంఘాల పని.

సర్కారు సాయం లేదని కాదు. ఆసరా పింఛన్ల పథకం 2014 నవంబరులో మొదలైందే మన పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో. 2017లో ఒంటరి మహిళలకూ నెలకు వెయ్యి రూపాయల పింఛను ఇవ్వడం మొదలుపెట్టారు, 2019లో అది 2,016 అయింది. రోజుకు లెక్కేస్తే 67 రూపాయలు. తల్లి, ఇద్దరు పిల్లలు. గది అద్దె, గ్యాసు, నోటుబుక్కులు, జ్వరం వస్తే ఆర్‌ఎంపీ డాక్టరు. మిగతా లెక్క మీరే వేసుకోండి. పింఛను ఆమెను నిలబెట్టదు, పడిపోకుండా ఆపుతుంది అంతే. అందుకే సంపాదన కావాలి.

సంపాదన అనగానే అందరి నోటా కుట్టుమిషన్ మాటే వస్తుంది. కారణాలు లేకపోలేదు. ఇంట్లోనే ఉండి చేసుకోవచ్చు, పర్దాకు ఇబ్బంది లేదు, పిల్లలు కళ్లముందే ఉంటారు, పెట్టుబడి తక్కువ. సచార్ కమిటీ 2006లోనే చెప్పింది, పని చేసే ముస్లిం మహిళల్లో ఇంటి దగ్గరే చేసే పనులవాళ్లు ఎక్కువని. అయితే దాతలకు ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఒంటరి ఆడది కనిపిస్తే చాలు కుట్టు నేర్పించేద్దాం అనుకోవద్దు. సూదిలో దారం ఎక్కించడానికే కళ్లు సహకరించనివాళ్లు ఉంటారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరంలో మోకాళ్లు, నడుము బిగుసుకుపోయినవాళ్లున్నారు, వాళ్లచేత తొక్కుడు మిషన్ తొక్కించడం పాపం. మోటారు బిగించి ఇస్తే వాళ్లలో కొందరు కుట్టగలరు. ఇంకొకామెకు వంట చేయి అద్భుతంగా ఉంటుంది, ఆమెకు మిషన్ ఎందుకు? పెద్ద గిన్నెలు నాలుగు, గ్యాసు పొయ్యి ఒకటి ఇప్పించండి. పదో తరగతి పాసైనామెకు నర్సు సహాయకురాలి శిక్షణ మేలు కావచ్చు. ముందు మనిషిని చూసి తర్వాత పనిని చూడాలి.

ఇక కుట్టు నేర్చుకోవడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను. డబ్బు ఇచ్చేవాళ్లకు ఇది తెలిసి ఉండాలి, తెలిస్తేనే మూడు నెలల కోర్సు ఎందుకు చాలదో అర్థమవుతుంది.

మొదటి వారం దారం లేకుండా కాగితం మీద సూది నడపడమే. తొక్కుడు చక్రం వెనక్కి తిరగకుండా పాదం అలవాటు పడాలి. రెండో వారం తిన్నని గీత, గుండ్రని గీత. తర్వాత గలీబులు, సంచులు, లంగా, పిల్లల జాంగ్యా. నెల తిరిగేసరికి నైటీ కుట్టేస్తారు. అప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి! "ఆపా, నాకు వచ్చేసింది" అంటారు. వచ్చింది మిషన్ తొక్కడం. కుట్టు ఇంకా రాలేదు.

కుట్టు అంటే కత్తిరింపు. అందులోనూ జాకెట్టు. మన రెండు జిల్లాల్లో దర్జీ బతికినా, ఆడవాళ్లు ఇంట్లో కుట్టి బతికినా జాకెట్టు మీదే. నైటీలు, బురఖాలు, పిల్లల బట్టలు రెడీమేడ్‌గా అంగట్లో తక్కువకే దొరుకుతున్నాయి, వాటితో మనం పోటీ పడలేం. రెడీమేడ్ జాకెట్టు మాత్రం పది మందిలో ఇద్దరికి కూడా సరిగ్గా పట్టదు. ఒకరికి భుజం జారుతుంది, ఒకరికి చంక పట్టేస్తుంది, ఒకరికి వీపు ముడతపడుతుంది. అందుకని ఆడవాళ్లు ఆది జాకెట్టు పట్టుకుని మనిషి దగ్గరికే వస్తారు. ఆ ఆది జాకెట్టును చూసి కొలత తీయడం ఒక విద్య. అది రెండేళ్ల కిందటిదై ఉంటుంది, ఉతికి ఉతికి సాగి ఉంటుంది, ఆమె ఈ మధ్య కొంత ఒళ్లు చేసి ఉంటుంది. ఆమె నోరు తెరిచి చెప్పదు. మనమే చూసి అర్థం చేసుకుని, కుట్టు లోపల అర అంగుళం గుడ్డ వదలాలి, రేపు విప్పుకోవడానికి. చంక గుంట ఎంత దించాలి, టక్కులు ఎక్కడ పడాలి, లైనింగు పైగుడ్డకంటే బిగుసుకోకుండా ముందే నీళ్లలో తడిపి ఆరేయాలా వద్దా, ఇవన్నీ పది జాకెట్లు పాడు చేస్తే గానీ చేతికి రావు. ఆ పది జాకెట్ల గుడ్డ ఎవరిది? ఇదే అసలు ప్రశ్న.

మనది గద్వాల చీర, నారాయణపేట చీర, పోచంపల్లి ఇక్కత్ పుట్టిన గడ్డ. పెళ్లికి గద్వాల చీర కొన్నామె ఆ చీరలోని జాకెట్టు ముక్కను తెచ్చి చేతిలో పెడుతుంది. ఆ ముక్క ఒక్కటే ఉంటుంది. కత్తెర తప్పు పడితే ఏ దుకాణంలోనూ దానికి జోడీ దొరకదు. కొత్తగా నేర్చుకున్న బిడ్డ ఆ ముక్క ముందు కూర్చుని చేయి వణికించుకుంటుంది. "గుడ్డ ఖరాబైతే నేను ఏడికెల్లి తెచ్చియ్యాలె ఆపా?" అని అడుగుతుంది. ఆ భయం న్యాయమైనదే. ఒక్క ముక్క పాడైతే ఆమె నెల సంపాదన పోతుంది, దాంతోపాటు వాడలో పేరు పోతుంది. అందుకే మూడు నెలల సర్టిఫికెట్ చేతపట్టుకుని ఇంటికి పోయిన చాలామంది చీరలకు ఫాల్ కుట్టడం, చినిగిన గలీబులు కుట్టడం దగ్గరే ఆగిపోతారు. ఫాల్, పీకో పని తక్కువదని నేననను. త్వరగా అవుతుంది, రోజూ నాలుగు పైసలు కళ్లజూపిస్తుంది. కానీ ఇల్లు నడిచేది జాకెట్టు మీదే.

కాబట్టి మూడు నెలల తర్వాత ఇంకో ఆరు నెలలు ఆమె మన కళ్లముందే కుట్టాలి. గిరాకీ గుడ్డ ఇంటి దగ్గర కోయకుండా, మన కేంద్రానికి తెచ్చి, ఉస్తాద్ పక్కన నిలబడి ఉండగా కోయాలి. అప్పుడు గుడ్డా పాడవదు, ధైర్యమూ వస్తుంది. పాత చీరలు, పాత దుప్పట్లు మా కేంద్రానికి ఇవ్వండని నేను ప్రతిసారీ అడుగుతుంటాను, నవ్వుతారు. ఆ పాత చీరల మీదే పది జాకెట్లు పాడు చేయిస్తాను నేను.

ఇక్కడ నాకు దైవప్రవక్త (స) కాలంనాటి ఒక సంఘటన గుర్తొస్తుంది. మీకందరికీ తెలిసిందే, అబూదావూద్ హదీసు గ్రంథంలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించినది. అన్సారీలలో ఒకాయన సాయం అడగడానికి వచ్చాడు. ఇంట్లో ఏముందని ప్రవక్త (స) అడిగారు. సగం కప్పుకుని సగం పరుచుకునే ఒక గుడ్డ, నీళ్లు తాగే గిన్నె ఉన్నాయన్నాడు. వాటిని తెప్పించి, అక్కడున్నవాళ్ల మధ్య వేలం వేసి, రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి కొనమన్నారు, రెండో దానితో గొడ్డలి కొని తెమ్మన్నారు. ఆ గొడ్డలికి తన చేతులతో కర్ర బిగించి, పోయి కట్టెలు కొట్టి అమ్ము, పదిహేను రోజుల దాకా నాకు కనపడకు అన్నారు. ఆయన పది దిర్హములు సంపాదించుకుని తిరిగొచ్చాడు.

ఈ హదీసును మనం భిక్షాటన మంచిది కాదని చెప్పడానికి వాడతాం. మంచిదే. నేను మాత్రం అందులోని వరసను చూస్తాను. మొదటి దిర్హము తిండికి, గొడ్డలి ఆ తర్వాతే. ఆకలిగా ఉన్న ఇంటికి పనిముట్టు ఇస్తే పనిముట్టునే అమ్ముకుని తింటారు. గొడ్డలి తల ఒక్కటే ఇచ్చి పంపలేదు, పట్టుకోవడానికి కర్ర బిగించి ఇచ్చారు. అంతటితో వదిలేయలేదు, పదిహేను రోజుల తర్వాత రమ్మని గడువు పెట్టి, వచ్చాక ఏమైందో చూశారు. మన మిషన్ల పంపిణీలో గొడ్డలి తల ఉంది. మిగతావి ఉన్నాయా?

కొందరు దాతలు బాధపడుతూ అడుగుతుంటారు, "మేమిచ్చిన మిషన్‌ను ఫలానా ఆమె అమ్ముకుందట గదా" అని. అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. ఏ నెలలో అమ్మిందో కనుక్కోండి. బిడ్డకు డెంగీ వచ్చిన నెలలోనో, ఇంటి ఓనరు తాళం వేస్తానన్న నెలలోనో అమ్మి ఉంటుంది. జకాత్ సొమ్ముతో ఇచ్చిన వస్తువు ఆమె సొంతం, అమ్ముకునే హక్కు ఆమెకుంది. మనం తిట్టడానికి లేదు. మిషన్‌తోపాటు మొదటి నాలుగైదు నెలలు నెలకింత రేషన్ ఇచ్చి ఉంటే అమ్మేది కాదని మాత్రం చెప్పగలను.

జకాత్ మాట వచ్చింది కాబట్టి, ఈ సభలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇక్కడే చెబుతాను. జకాత్ ఎవరికి చెందుతుందో తౌబా సూరాలో ఎనిమిది వర్గాలుగా ఉంది, పేదలు, నిరుపేదలు అందులో ముందున్నారు. మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుల చేతికి వాళ్ల సొంత ఆస్తిగా అందాలి. దాన్నే తమ్లీక్ అంటారు. మిషన్ కొని ఆమె చేతికిస్తే జకాత్ చెల్లుతుంది. బియ్యం ఇస్తే చెల్లుతుంది. శిక్షణ కేంద్రం గది అద్దె, కరెంటు బిల్లు, నేర్పే మనిషి జీతం జకాత్ నుంచి తీయడానికి ముఫ్తీలు ఒప్పుకోరు, అది న్యాయమే. ఇప్పుడు మన దాతలు ఇచ్చేదానిలో ఎక్కువ భాగం ఏమిటి? రంజాన్ నెలలో వచ్చే జకాత్. అందువల్ల ప్రతి ఏడాదీ మిషన్లకు డబ్బు ఉంటుంది, నేర్పడానికి ఉండదు. మిషన్లు పెరుగుతాయి, కుట్టేవాళ్లు పెరగరు. ఇందులో ఎవరి తప్పూ లేదు, పద్దుల లెక్క అలా కుదిరింది.

దీనికి మందు కూడా మన దీన్‌లోనే ఉంది. సదఖా, లిల్లాహ్ పద్దు కింద ఇచ్చేదానికి ఆ షరతు లేదు. జకాత్ ఇచ్చే ప్రతి దాతా దానితోపాటు చిన్న మొత్తమైనా సరే నెలనెలా సదఖా కింద శిక్షణకు రాస్తే, మిషన్‌కు కర్ర బిగుస్తుంది. నా జీతం కోసం అడుగుతున్నానని మీలో ఎవరైనా అనుకుంటే అనుకోండి, జీతం లేనిదే ఉస్తాద్ రాదు, ఉస్తాద్ రానిదే కత్తిరింపు రాదు! ఇంకో సంగతి. మన తరగతిలో హిందూ సోదరీమణులు కూడా కూర్చుంటున్నారు. వాళ్ల మగవాళ్లూ అదే ముంబై బస్సు ఎక్కారు మరి. వాళ్లకిచ్చే మిషన్ జకాత్ నుంచి కాకుండా సదఖా నుంచే వెళ్లాలి. ఆ పద్దు ఖాళీగా ఉంటే ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వలేని పరిస్థితి వస్తుంది.

ఇక పని నేర్చిన తర్వాతి సంగతి. ధర. ఆడబిడ్డ ఇంట్లో కుట్టినదానికి ఊరు ధర కట్టదు. "నీకేం షాపు కిరాయా, కరెంటా" అని దర్జీ తీసుకునేదానిలో సగం చేతిలో పెడతారు. అది కూడా ఉద్దెర. చుట్టాలైతే అదీ లేదు. నేను మా పిల్లలకు కుట్టుతోపాటు ఒక చిన్న నోటుబుక్కు ఇస్తాను. పేరు, ఇచ్చిన తేదీ, కొలత, ధర, బాకీ. చదువు రానివాళ్లకు వాళ్ల బడి పిల్లలు రాసిపెడతారు. దారం, హుక్కులు, లైనింగు ఖర్చు విడిగా రాయమంటాను. జాకెట్టుకు నూట యాభై తీసుకుందనుకోండి, లైనింగు, దారం, హుక్కులకు యాభై పోతే ఆమె కష్టానికి మిగిలింది వందే. ఈ లెక్క తెలియక నూట యాభై అంతా సంపాదనేనని ఖర్చు పెట్టేసి, మళ్లీ లైనింగు కొనడానికి చేయి చాచేవాళ్లను నేను చూస్తూనే ఉంటాను.

ముక్క కూలీ విషయంలో ఒంటరిగా బేరమాడితే ఎవరైనా ఓడిపోతారు. గుజరాత్‌లో ఇలాబెన్ భట్ 1972లో సేవా సంస్థను మొదలుపెట్టారు కదా, అహ్మదాబాద్ దరియాపూర్‌లో మిల్లు గుడ్డ పేలికలతో బొంతల గలీబులు కుట్టే ముస్లిం మహిళలు ఆ సంస్థలో చేరారు. వ్యాపారి ఇచ్చే కూలీ మీదే వాళ్ల బతుకు. కూలీ పెంచమని కలిసి అడిగితే వ్యాపారులు పనే ఆపేశారు. అప్పుడు వాళ్లే పేలికలు కొని, కుట్టి, అమ్ముకునే సహకార సంఘం పెట్టుకున్నారు, దాని పేరు సబీనా. అంత పెద్దది మనకు ఇప్పుడే సాధ్యం కాకపోవచ్చు. ఒక వాడలోని నలుగురు కలిసి ఒకే ధర చెప్పడం మాత్రం రేపటి నుంచే సాధ్యం. నల్లగొండలో రెండు వాడల్లో అలా చేస్తున్నారు, గిరాకీ ఏమీ తగ్గలేదు.

గిరాకీకి రుతువులుంటాయి. రంజాన్ నెలలో, ఈద్‌కు ముందు రాత్రీ పగలూ పని. బతుకమ్మ, దసరాకు పని. జూన్‌లో బడి బట్టలు. పెళ్లిళ్ల నెలల్లో జాకెట్లు. ఆషాఢంలో, మూఢం రోజుల్లో హిందువుల ఇళ్లల్లో పెళ్లిళ్లు ఉండవు, ముహర్రంలో మన ఇళ్లల్లో పెట్టుకోరు, అప్పుడు మిషన్ మీద దుమ్ము పడుతుంది. జాన్‌పహాడ్ ఉర్సుకు అందరూ కలిసే వచ్చినట్టు జాకెట్టు కుట్టించుకోవడానికీ అందరూ వస్తారు, కాబట్టి అందరి పండుగల క్యాలెండరూ మనకు తెలిసి ఉండాలి. ఖాళీ నెలల్లో సంచులు, గలీబులు, బడి సంచులు కుట్టి పెట్టుకోవాలి. వాటికి గుడ్డ పెట్టుబడి కావాలి. అక్కడ ఖర్జె హసనా పనికొస్తుంది. వడ్డీ లేని చిన్న అప్పు, పండుగ నెలలో తీర్చేది. పీకో మిషన్ కూడా అలాగే ఇప్పించవచ్చు. మొదటి మిషన్ జకాత్‌గా ఇవ్వండి, రెండోది ఖర్జుగా ఇవ్వండి. తీర్చిన ఆ డబ్బు ఇంకో చెల్లెలికి వెళుతుంది.

సర్కారు పనుల విషయం. సర్కారు బళ్ల పిల్లల యూనిఫారాలు కుట్టే పనిని మహిళా సంఘాలకు అప్పగించి, 2024లో జతకు 50 రూపాయలున్న కుట్టుకూలీని 75 చేశారు. రోజుకు నాలుగు జతలు కుట్టగలిగినామెకు మూడొందలు. మన పిల్లలు దీంట్లో ఎందుకు తక్కువ కనబడుతున్నారంటే, సంఘంలో సభ్యత్వం లేదు. సంఘంలో ఎందుకు చేరరంటే, అక్కడ అప్పూ వడ్డీ ఉంటాయని భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. అప్పు తీసుకోకుండా పొదుపు, కుట్టుపని మాత్రం తీసుకునే వీలు ఎంతవరకు ఉందో, షరీఅత్ ప్రకారం ఏది సరైనదో మన ఉలమా కూర్చుని ఒక మాట చెబితే ఈ పిల్లలు తేల్చుకోగలరు. ప్రతి ఆడబిడ్డా తనంతట తాను ముఫ్తీ సాహెబ్ దగ్గరికి పోయి అడగలేదు. ఈ సభ తరఫున అడిగించండి.

కేంద్ర సర్కారు పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరులో వచ్చింది. పద్దెనిమిది చేతివృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ ఉన్న రోజులకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. అప్పు కూడా ఉంది, దానికి 5 శాతం వడ్డీ. ఆ అప్పు తీసుకోవాలని బలవంతం లేదు, శిక్షణా పనిముట్లూ అప్పుతో సంబంధం లేనివి. మన రాష్ట్రంలో 2025లో ఇందిరమ్మ మైనారిటీ మహిళా యోజన కింద వితంతువులు, విడాకులు పొందినవాళ్లు, ఒంటరి మహిళలకు 50,000 రూపాయల సాయం ప్రకటించారు. ఇవన్నీ ఫారం నింపగలిగిన వాళ్లకే అందుతాయి. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు, ఫోను నంబరు వదిలేసి పోయిన మొగుడిది. ఈ ముడులు విప్పడానికి వారానికి ఒక పూట కూర్చునే చదువుకున్న యువకుడో యువతో కావాలి. డబ్బు ఇవ్వలేనివాళ్లు ఈ పూటను ఇవ్వవచ్చు.

ఒకే ఆర్డరు మీద మాత్రం ఆధారపడవద్దు. సిరిసిల్లలో 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరుతో మరమగ్గాలు నడిచాయి. 2024లో ఆ ఆర్డరు ఆగాక నేతన్నల ఇళ్లల్లో ఏం జరిగిందో పేపర్లలో చదివాం. యూనిఫారం పని దొరికినా వాడలోని జాకెట్టు గిరాకీని వదులుకోవద్దని నేను మా పిల్లలకు చెబుతుంటాను.

పిల్లల సంగతి చెప్పకుండా ముగించలేను. తరగతి సమయం పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా పెట్టాం, బడి వదిలే సమయానికి తల్లి ఇంట్లో ఉండాలని. బడికి పోని చిన్నవాళ్లు తల్లితోపాటే వస్తారు. కత్తెర, సూది, తిరిగే చక్రం ఉన్న గదిలో రెండేళ్ల పిల్లాడిని ఊహించుకోండి. పక్క గది, ఒక చాప, నాలుగు బొమ్మలు, చూసుకోవడానికి ఒక పెద్దామ్మ ఉంటే తల్లి మనసు గుడ్డ మీద నిలుస్తుంది. ఆ పెద్దామ్మ కూడా ఒంటరిదే కావచ్చు, ఆమెకు అది జీతం అవుతుంది. బస్సు చార్జీ ఇప్పుడు పెద్ద సమస్య కాదు, 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి కూడా వస్తామంటున్నారు. వచ్చేవాళ్లున్నారు, కూర్చోబెట్టడానికి చోటు లేదు.

విశ్వాసుల మాత హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తన చేతులతో తోళ్లు పదును చేసి, కుట్టి, వచ్చినది దానం చేసేవారు. నేను ఈ మాట మా పిల్లలకు మొదటి రోజే చెబుతాను. కుట్టుకునే ఆడది తీసుకునే చేయి మాత్రమేనని ఎవరూ అనుకోకుండా ఉండడానికి. మన కేంద్రంలో నేర్చుకుని ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో సొంత గదిలో కుట్టుకుంటున్న ఒక సోదరి పోయిన రంజాన్‌లో రెండు మీటర్ల లైనింగు గుడ్డ, ఒక డబ్బా దారపు రీళ్లు పంపింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పాడు చేయడానికట. చీటీలో అదే రాసింది.

నేను అడగదలచుకున్నవి ఇవి. బయట టేబుల్ మీద రెండు రసీదు పుస్తకాలున్నాయి, పచ్చ అట్ట జకాత్‌ది, తెల్ల అట్ట లిల్లాహ్‌ది. పచ్చది ఎప్పుడూ నిండుతుంది, ఈసారి తెల్లదాన్ని కూడా తెరవండి. ఇంట్లో ఉన్న పాత చీరలు వచ్చే జుమా లోపల కేంద్రానికి పంపండి, ఉతికినవైతే చాలు, చిరిగినా ఫర్వాలేదు. మీ ఇంట్లో పెళ్లి ఉంటే జాకెట్లన్నీ కాకపోయినా, పది జాకెట్లు మా పిల్లలకు ఇవ్వండి. ధర తగ్గించమని అడగవద్దు. గుడ్డకు నాదీ జిమ్మేదారీ, నేను పక్కన నిలబడి కోయిస్తాను. మిషన్ రిపేరు తెలిసిన భాయి ఎవరైనా నెలకు ఒక ఆదివారం వస్తే, బాబిన్ పట్టేసి మూలన పడిన మిషన్లు ఆరు ఉన్నాయి, అవి మళ్లీ తిరుగుతాయి.